అండమాన్ దశను మార్చిన నివేదిక: డాక్టర్ ఫ్రెడరిక్ జాన్ మోవాట్ జీవితం

అండమాన్ నికోబార్ దీవుల రాజధానికి 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. అంతకు ముందు నూట అరవై ఏళ్లకు పైగా ఆ నగరం పోర్ట్ బ్లెయిర్‌గా ప్రసిద్ధి. ఆ పాత పేరును ప్రతిపాదించినది రాజూ కాదు, సేనాధిపతీ కాదు. ముగ్గురు సభ్యులున్న ఒక అధ్యయన సంఘం. పేరుతో పాటు ఆ దీవులు ఎందుకు ఉపయోగపడాలో, ఖైదీల వలస ఎక్కడ మొదలు కావాలో కూడా ఆ సంఘమే ప్రభుత్వానికి సలహా ఇచ్చింది. దానికి అధ్యక్షత వహించినవారు డాక్టర్ ఫ్రెడరిక్ జాన్ మోవాట్.

ప్రభుత్వాలకు విధానాలను సూచించే పరిశోధన సంస్థలు నేడు దేశమంతటా ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో అటువంటి సంస్థలు లేవు. ఆ పనిని సంఘాలు, కార్యదర్శులు, తనిఖీ అధికారులు చేసేవారు. సమస్యను పరిశీలించడం, లెక్కలు కూర్చడం, పాత దస్త్రాలు తిరగవేయడం, చివరకు ఒక సిఫారసు రాసి పాలకుల ముందుంచడం వారి విధి. మోవాట్ తన జీవితంలో అధిక భాగాన్ని ఈ పనికే వెచ్చించారు. విధాన సలహాదారుని వృత్తిలో ఎంత మేలు ఉందో, ఎంత బరువు ఉందో తెలుసుకోవడానికి ఆయన జీవితం తగిన ఉదాహరణ.

వైద్యుడిగా కలకత్తాకు

మోవాట్ 1816లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి సైనిక వైద్యుడు. మోవాట్ లండన్, పారిస్ నగరాల్లో వైద్యశాస్త్రం అభ్యసించి, 1839లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. మరుసటి సంవత్సరమే ఈస్టిండియా కంపెనీ వైద్యసేవలో చేరి బెంగాల్‌కు వచ్చారు. 1835లో స్థాపితమైన కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యులయ్యారు. రసాయనశాస్త్రం, ఔషధశాస్త్రం బోధించారు.

భారతీయ విద్యార్థులకు అందుబాటులో ఉండాలని మానవ శరీర నిర్మాణ చిత్రాలకు ఇంగ్లీషుతో పాటు హిందుస్తానీలోనూ వివరణలు చేర్చి 1849లో ఒక గ్రంథాన్ని వెలువరించారు. స్థానిక వైద్యంలో కుష్ఠు మొదలైన చర్మవ్యాధులకు వాడుతున్న చౌల్‌మూగ్ర గింజల నూనెను పరీక్షించి, 1854లో ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసం ద్వారానే ఆ నూనె పాశ్చాత్య వైద్యుల దృష్టికి వచ్చింది. 1940వ దశకంలో కొత్త మందులు వచ్చేంతవరకు ప్రపంచమంతటా కుష్ఠురోగులకు దొరికిన ప్రధాన ఔషధం అదే. మందును కనుగొన్న ఖ్యాతి మోవాట్‌ది కాదు. ఈ దేశపు జనానికి తరతరాలుగా తెలిసిన విషయాన్ని శ్రద్ధగా విని, పరీక్షించి, కాగితం మీద పెట్టడం ఆయన చేసిన మేలు.

పన్నెండేళ్లు నిరీక్షించిన ప్రతిపాదన

వైద్య బోధనతో పాటు బెంగాల్ విద్యామండలి కార్యదర్శిగానూ మోవాట్ పనిచేశారు. ఆ హోదాలో 1845లో ఆయన ఒక ప్రతిపాదన సిద్ధం చేశారు. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో కలకత్తాలో ఒక విశ్వవిద్యాలయం నెలకొల్పాలన్నది దాని సారాంశం. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు దానిని తిరస్కరించారు. కాలం ఇంకా రాలేదని వారు భావించారు.

ఆ కాగితం వృథా కాలేదు. 1854లో కంపెనీ ప్రభుత్వం ప్రకటించిన విద్యావిధానం విశ్వవిద్యాలయాల స్థాపనను ఆమోదించింది. 1857 జనవరిలో కలకత్తా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే సంవత్సరం బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు కూడా వెలిశాయి. 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు అవతరించేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థులు పట్టాల కోసం ఆశ్రయించినది ఆ మద్రాసు విశ్వవిద్యాలయాన్నే.

విధాన సలహా పనిలో ఇటువంటి నిరీక్షణ సామాన్యం. రాసిన మాట సరైనదైనా, వినే సమయం వచ్చేదాకా అది బీరువాలో ఉండవలసిందే. ఈ ప్రతిపాదన పన్నెండేళ్లు ఎదురుచూసింది. అయితే, మోవాట్ రాసిన మరొక కాగితానికి అటువంటి నిరీక్షణ అవసరం కాలేదు. దానిని ప్రభుత్వం వారాల వ్యవధిలోనే అమలు చేసింది. అది అండమాన్ నివేదిక.

కారాగారాల లెక్కలు

1855లో మోవాట్ బెంగాల్ దిగువ ప్రాంతాల కారాగారాలకు ఇన్స్పెక్టర్‌గా నియమితులయ్యారు. ఆ పదవిలో 1870 వరకు కొనసాగారు. బెంగాల్, బిహార్, అరకాన్ ప్రాంతాల చెరసాలలను స్వయంగా తిరిగి చూశారు. ఏ కారాగారంలో ఎందరు ఖైదీలున్నారు, ఎందరు జబ్బుపడ్డారు, ఎందరు మరణించారు, తిండికి ఎంత ఖర్చవుతోంది అనే వివరాలను పట్టికలుగా కూర్చారు. ఒక చెరసాలలో మరణాలు అధికంగా ఉంటే దానికి కారణం నీరా, ఇరుకు గదులా, ఆహారమా అని పరిశీలించడం ఆయన పద్ధతి.

ఖైదీలను రోడ్ల పనికి తరలించడం కంటే చెరసాల లోపలే చేతిపనులు నేర్పడం మేలని మోవాట్ వాదించారు. ఆయన హయాంలో అలీపూర్ కారాగారంలో గోనె నేత, అచ్చుపని వృద్ధి చెందాయి. ఖైదీ శ్రమ నుంచి ఆదాయం రావాలి, విడుదలయ్యే నాటికి అతని చేతిలో ఒక పని ఉండాలి అన్నది ఆయన అభిప్రాయం. అందులో ప్రభుత్వ ఖజానా ప్రయోజనమూ ఉంది, కొంత మానవత్వమూ ఉంది. ఈ అనుభవమే 1857 చివరలో ఆయనను అండమాన్‌కు పంపింది.

1857 నవంబరు

అండమాన్ దీవుల గురించి కంపెనీ ప్రభుత్వం అప్పటికే కొంతకాలంగా ఆలోచిస్తోంది. ఆ తీరాల్లో ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన నావికులపై దీవివాసులు దాడి చేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చేవి. వారికి రక్షణగా ఒక స్థావరం ఉండాలన్న ప్రతిపాదనపై 1855 నుంచి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. 1857 మే నెలలో మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు ప్రారంభం కావడంతో ఆలోచన మలుపు తిరిగింది. ఉత్తర భారతదేశంలో వేలమంది పట్టుబడ్డారు. జైళ్లు నిండాయి. దూరదేశాలకు పంపే ఖైదీలను అంతవరకు స్వీకరించిన సింగపూర్ తదితర స్థావరాల్లోని వర్తకులు తిరుగుబాటుదారులు తమకు వద్దన్నారు. ఖైదీలను పంపడానికి ప్రభుత్వానికి తక్షణం ఒక చోటు కావలసివచ్చింది.

1857 నవంబరులో గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభుత్వం అండమాన్ సంఘాన్ని నియమించింది. అధ్యక్షుడు మోవాట్. సభ్యుల్లో ఒకరు వైద్యుడు జార్జ్ ప్లేఫెయిర్, మరొకరు నౌకాదళానికి చెందిన లెఫ్టినెంట్ హీత్‌కోట్. ఖైదీల నివాసానికి అనువైన స్థలాన్ని అన్వేషించి చెప్పడం వారి బాధ్యత. అటువంటి నివాసం అవసరమా అన్న ప్రశ్న వారి ముందు లేదు. దీవులలో అప్పటికే నివసిస్తున్న ప్రజల సమ్మతి ప్రసక్తి ఎక్కడా రాలేదు. ఏ అధ్యయనానికైనా అడిగిన ప్రశ్నే హద్దు. ఈ సంఘానికి గీసిన హద్దు చాలా ఇరుకైనది.

దీవుల చుట్టూ ప్రయాణం

సంఘం కలకత్తా నుంచి బర్మాలోని మౌల్‌మెయిన్‌కు చేరి, అక్కడ ప్లూటో అనే చిన్న ఆవిరి ఓడ ఎక్కింది. చిత్రాలు తీయడానికి ఆస్కార్ మాలిట్ అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు వెంట వచ్చారు. అడవి నరకడానికి, బరువులు మోయడానికి కొందరు బర్మా ఖైదీలనూ తీసుకువెళ్లారు. డిసెంబరులో వారు దీవుల చుట్టూ తిరిగారు.

అంతకు ముందే పాత దస్త్రాలు వారికి ఒక కథ చెప్పాయి. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లోని చాథం దీవి వద్ద ఒక స్థావరం ప్రారంభించారు. అక్కడ జనం ఆరోగ్యంగానే ఉన్నారు. నౌకాదళ అవసరాల కోసం 1792లో దానిని ఈశాన్యాన ఉన్న మరొక రేవుకు తరలించారు. అక్కడ జ్వరాలు ప్రబలి అనేకులు మరణించారు. 1796లో స్థావరాన్నే మూసివేశారు. మోవాట్ సంఘం ముందుగా ఈశాన్యపు రేవును పరిశీలించింది. చుట్టూ చిత్తడి నేలలు, పాత శిథిలాలు. అది పనికిరాదని నిర్ణయించింది.

తరువాత బ్లెయిర్ మొదట ఎంచుకున్న పాత రేవును చూసింది. లోతైన నీరు, తుపాను గాలుల నుంచి రక్షణ, ఓడలు సురక్షితంగా నిలిచే వసతి అక్కడ ఉన్నాయి. రేవు లోపల, ముఖద్వారం వద్ద చిన్న చిన్న దీవులు ఉన్నాయి. తక్కువమంది కాపలాతో ఎక్కువమంది ఖైదీలను నిలువరించడానికి అవి అనుకూలమని భావించారు. ఆ రేవునే సంఘం సిఫారసు చేసింది. తొలి పరిశోధకుని గౌరవార్థం దానికి పోర్ట్ బ్లెయిర్ అనే పేరు సూచించింది.

ఈ ప్రయాణంలోనే ఒక తీరం వద్ద సంఘం పడవలకూ దీవివాసులకూ ఘర్షణ జరిగింది. బాణాలకు తుపాకులు బదులు చెప్పాయి. దీవివాసులలో కొందరు మరణించారు. ఒక యువకుడు పట్టుబడ్డాడు. నావికులు అతనికి జాక్ అని పేరు పెట్టి, నావికుని దుస్తులు తొడిగి కలకత్తాకు తీసుకువెళ్లారు. నగరంలో జనం అతనిని చూడడానికి మూగారు. ఛాయాచిత్రాలు తీశారు. అతని అసలు పేరు ఎవరికీ అర్థం కాలేదు, అతని భాష తెలిసినవారు నగరంలో లేరు. కొద్దికాలానికే అతడు తీవ్రంగా జబ్బుపడ్డాడు. చివరకు అతనిని మళ్లీ ఓడ ఎక్కించి దీవుల తీరంలో దింపివేశారు. ఆ తరువాత అతని జాడ చరిత్రకు దొరకలేదు.

నివేదిక ఆచరణలోకి

1858 జనవరిలో నివేదిక ప్రభుత్వానికి చేరింది. అదే నెలలో కెప్టెన్ హెన్రీ మాన్ వెళ్లి దీవులపై బ్రిటిష్ జెండా ఎగురవేశారు. మార్చి 10న ఆగ్రా కారాగార పాలనలో అనుభవమున్న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరారు.

మొదట చాథం దీవిలో దిగారు. అక్కడ మంచినీరు చాలలేదు. రాస్ దీవికి కేంద్రాన్ని మార్చారు. సంకెళ్లతో ఉన్న మనుషులే దట్టమైన అడవిని నరకవలసి వచ్చింది. తలదాచుకునే పాకలు కూడా వారే కట్టుకోవాలి. జూన్ నెల మధ్యనాటికి 773 మంది ఖైదీలు వచ్చినట్లు నమోదైంది. వారిలో 64 మంది ఆసుపత్రిలో మరణించారు. 140 మంది పారిపోయి మళ్లీ కనిపించలేదు. పారిపోయి పట్టుబడిన వారిలో 86 మందిని వాకర్ ఒకే రోజు ఉరితీయించారు. ఈ చర్యను పై ప్రభుత్వం తప్పుపట్టింది. అయితే ఆ మాట దీవికి చేరేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. మూడు నెలల్లోనే వచ్చినవారిలో మూడోవంతుకు పైగా లెక్కలో లేకుండా పోయారు.

జైలు మరణాలను పట్టికలుగా రాసిన మోవాట్ సిఫారసు చేసిన చోటనే ఈ అంకెలు పుట్టాయి. రేవు లోతును కొలవవచ్చు. గాలి దిశను నమోదు చేయవచ్చు. చెట్టు నరకడం తెలియని మనిషి వర్షాకాలంలో ఆ అడవిలో ఎన్నాళ్లు బతకగలడో ఓడ మీద నుంచి చూసి చెప్పడం కష్టం. స్థలాన్ని ఎంచుకున్నవారు వేరు, పాలించినవారు వేరు, బాధ అనుభవించినవారు వేరు. నిర్ణయం ఇలా ముగ్గురి మధ్య పంచబడినప్పుడు ఏ ఒక్కరికీ దాని పూర్తి భారం కనిపించదు.

1859 మే నెలలో దీవివాసులు పోర్ట్ బ్లెయిర్ స్థావరంపై దాడి చేశారు. చరిత్రలో అది అబర్దీన్ యుద్ధంగా నిలిచింది. పారిపోయి సుమారు ఏడాదిపాటు వారి మధ్య జీవించిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా వచ్చి హెచ్చరించాడు. బ్రిటిష్ వారు ఆ దాడిని తిప్పికొట్టారు. తివారీకి క్షమాభిక్ష లభించింది. దీవివాసులకు మాత్రం అది పతనానికి ఆరంభం. తుపాకుల కంటే ఎక్కువ నష్టం కొత్త వ్యాధులు చేశాయి. 1877లో తట్టు అమ్మవారు వ్యాపించి అనేకులను బలిగొంది. దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్‌లలో వేలసంఖ్యలో ఉండిన గ్రేట్ అండమానీ తెగలవారు 1901 జనగణన నాటికి 625 మంది మిగిలారు. 1961 నాటికి ఆ సంఖ్య 19.

తెలుగువారి జ్ఞాపకంలో అండమాన్

ఆ నివేదిక వేసిన పునాదిపై తరువాతి సంఘాలు నిర్మాణం కొనసాగించాయి. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు దీవులను పరిశీలించి శిక్ష మరింత కఠినంగా ఉండాలన్నారు. వారి సిఫారసుల ఫలితంగా 1896లో సెల్యులర్ జైలు నిర్మాణం ప్రారంభమై 1906లో ముగిసింది. ద్వీపాంతరవాసం, కాలాపానీ అనే మాటలు తెలుగు ఇళ్లలోనూ భయంతో వినిపించాయి. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించారు. ఆయనే స్వతంత్ర భారతంలో 1952 ఎన్నికల్లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

అండమాన్‌కు ఖైదీలను పంపడం మానాలని చెప్పినది కూడా ఒక అధ్యయన సంఘమే. 1919-20 నాటి భారత కారాగారాల సంఘం ఆ మేరకు సిఫారసు చేసింది. అది వెంటనే పూర్తిగా అమలు కాలేదు. 1930వ దశకంలో రాజకీయ ఖైదీలను మళ్లీ అక్కడికి పంపారు. 1937లో ఖైదీలు చేసిన నిరాహారదీక్ష, దేశవ్యాప్తంగా వెల్లువెత్తిన నిరసన తరువాత 1938లో రాజకీయ ఖైదీలు స్వస్థలాలకు తిరిగివచ్చారు. శిక్షాద్వీపాన్ని తెరవమన్న నివేదికకు వారాలు చాలాయి. మూయమన్న నివేదికకు దశాబ్దాలు పట్టాయి.

చివరి దశ

మోవాట్ అండమాన్ ప్రయాణంపై రాసిన గ్రంథం 1863లో లండన్‌లో వెలువడింది. దీవివాసుల గురించి ఐరోపా పాఠకులకు విస్తృతంగా తెలిపిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. వారి పడవలు, విల్లులు, వలల నైపుణ్యాన్ని అది వివరించింది. వారిని అనాగరికులుగా చూసిన ఆ కాలపు దృష్టిని దాటి అది ముందుకు వెళ్లలేదు.

1870లో ఆయన ఇంగ్లండ్ తిరిగి వెళ్లారు. అక్కడ స్థానిక పాలనా విభాగంలో ఇన్స్పెక్టర్‌గా పనిచేశారు. గణాంకశాస్త్రంపై మక్కువ తగ్గలేదు. లండన్ గణాంక సంఘం చరిత్రను రాశారు. 1890 నుంచి 1892 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. 1897 జనవరిలో కన్నుమూశారు.

ఒకే మనిషి చేతి నుంచి మూడు ముఖ్యమైన కాగితాలు వెలువడ్డాయి. మొదటిది విశ్వవిద్యాలయానికి మార్గం వేసింది. రెండవది రోగులకు ఉపశమనం అందించింది. మూడవది శిక్షాద్వీపాన్ని తెరిచింది. మూడింటిలోనూ అదే శ్రద్ధ, అదే పరిశీలన, అదే కష్టం ఉన్నాయి. మొదటి రెండింటి వెనుక విద్యార్థుల అవసరం, రోగుల అనుభవం ఉన్నాయి. మూడవదాని వెనుక ఉన్నది పాలకుల తొందర. అండమాన్‌లో ఉన్నవారి మాట గానీ, అక్కడికి వెళ్లవలసినవారి మాట గానీ ఆ కాగితంలో చోటు చేసుకోలేదు.

నేడు కూడా అండమాన్ నికోబార్ దీవుల కోసం ప్రణాళికలు తయారవుతున్నాయి. 2017లో ఏర్పాటైన దీవుల అభివృద్ధి సంస్థ మార్గదర్శకత్వంలో నీతి ఆయోగ్ దీవుల సమగ్రాభివృద్ధిపై అధ్యయనాలు చేపట్టింది. రేవులు, పర్యాటకం, రవాణా, అడవులు, ఆదివాసుల హక్కులు ఒకే పట్టికలో తూకానికి వస్తున్నాయి. ఈ పనిలో ఉన్న యువ పరిశోధకులకు మోవాట్ జీవితం నుంచి గ్రహించదగినది ఉంది. అంకెలు సరిగా ఉన్నాయా అని చూడడం సలహాదారుని పనిలో సగమే. ఆ అంకెల్లో ఎవరి జీవితం చేరలేదని అడగడం మిగిలిన సగం. ఆ ప్రశ్న నివేదిక సమర్పించిన తరువాత కాదు, ఓడ ఎక్కకముందే అడగవలసినది.